బాట్‌కి భయం లేదు సరే, దాని స్విచ్ మీ చేతిలోనే ఉందిగా!

ఈసారి ఉత్తరాల్లో క్రిప్టో బాట్ల, అంటే మన బదులు కాయిన్లు కొని అమ్మే ప్రోగ్రాముల గోలే ఎక్కువ. అందుకని మిగతా ప్రశ్నలన్నీ వచ్చే సంచికకి జరిపేశాం. పేరు వేయవద్దని చాలామంది అడిగారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: నేను కొన్నేళ్లుగా క్రిప్టోలో సొంతంగా ట్రేడింగ్ చేస్తున్నాను. పడగానే భయపడి అయినకాడికి అమ్మేయడం, పెరిగాక ఆగలేక కొనేయడం, ఇదే నా కథ. "బాట్ పెట్టెయ్, దానికి ఎమోషన్ ఉండదు" అని స్నేహితుడు చెబితే గ్రిడ్ బాట్ పెట్టాను. మొదట్లో రోజూ చిన్న చిన్న లాభాలు కనిపించి భలే సంతోషం వేసింది. తర్వాత ధర నేను పెట్టిన రేంజ్ కిందికి జారిపోయింది. కొన్నాళ్లు ఓపిక పట్టి ఆపేశాను, ఆపిన మర్నాడే పెరిగింది. ఒళ్లు మండి రేంజ్ పైకి జరిపి మళ్లీ పెట్టాను, మళ్లీ పడింది. ఇప్పుడు టెన్షన్ ముందుకంటే ఎక్కువైంది. నాకు సరిపడే బాట్ ఇంకేదైనా ఉందాండీ, లేక తప్పు నాదేనా?

జవాబు: తప్పు ఎవరిదన్నది తర్వాత చూద్దాం, ముందు ఆ బాట్ లోపల ఏం జరిగిందో లెక్క వేద్దాం. చాలామంది గ్రిడ్ బాట్ పెడతారు గానీ ఈ లెక్క ఒక్కసారి కూడా కాగితం మీద వేసుకోరు.

గ్రిడ్ బాట్ అంటే, మీరిచ్చిన ధరల రేంజ్‌ని మెట్లుగా విడగొట్టి, ఒక మెట్టు దగ్గర కొని పైమెట్టు దగ్గర అమ్మేది. ఒక కాయిన్ ధర 100 డాలర్లు అనుకోండి. మీరు 80 నుంచి 120 వరకు రేంజ్ పెట్టి, 2 డాలర్లకొక మెట్టు ఇచ్చారు, మెట్టుకి ఒక్క కాయిన్. మొదలుపెట్టగానే బాట్ పైమెట్ల దగ్గర అమ్మడానికి 10 కాయిన్లు 100 చొప్పున కొంటుంది, కిందమెట్ల కోసం ఇంకో 890 డాలర్లు పక్కన ఉంచుతుంది. అంటే మీ పెట్టుబడి 1,890. ధర అక్కడక్కడే ఊగుతున్నంతసేపూ ఒక మెట్టు కింద కొని, ఒక మెట్టు పైన అమ్మి 2 డాలర్లు తెస్తుంది. కొన్నప్పుడూ అమ్మినప్పుడూ 0.1 శాతం చొప్పున ఫీజు పోతే మిగిలేది 1.80. అలా 30 సార్లు తిరిగితే 54 డాలర్లు వచ్చాయి, స్క్రీన్ మీద పచ్చరంగులో "గ్రిడ్ ప్రాఫిట్" అని మెరుస్తూ ఉంటుంది.

ఇప్పుడు ధర 70కి పడింది. దారిలో 98, 96, 94 అంటూ 80 దాకా ప్రతి మెట్టులోనూ బాట్ కొంటూనే వచ్చింది, ఇప్పుడు మీ దగ్గర 20 కాయిన్లున్నాయి, నగదు లేదు. వాటి విలువ 1,400. అంటే 490 నష్టం, ఆ 54 కలుపుకున్నా 436 పోయినట్టే. అయినా పచ్చరంగు అంకె అలాగే ఉంటుంది, నష్టం మాత్రం ఇంకో గడిలో, ఇంకో పేరుతో ఉంటుంది. సరే, పడకుండా 150కి పెరిగిందనుకుందాం. 120 దాటేసరికి బాట్ ఉన్నదంతా అమ్మేసి చేతులు దులుపుకుంటుంది, మీ దగ్గర 2,054 ఉంటాయి. అదే 1,890తో మొదటిరోజే కాయిన్లు కొనేసి ఊరుకుంటే 2,835 అయ్యేవి.

అసలు విషయానికి వస్తున్నా. పెరిగినదాన్ని తొందరపడి అమ్మేయడం, పడినదాన్ని వదల్లేక పట్టుకుని కూర్చోవడం, మదుపరుల్లో ఉండే ఈ అలవాటు గురించి హెర్ష్ షెఫ్రిన్, మెయిర్ స్టాట్‌మన్ అనే ఇద్దరు 1985లోనే రాశారు. అంతకుముందు 1979లో డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ చెప్పిందేమిటంటే, వంద వచ్చిన సంతోషం కంటే వంద పోయిన బాధ మనకి చాలా పెద్దదిగా తోస్తుందని. గ్రిడ్ బాట్ చేసేది చూశారుగా, పెరిగితే అమ్ముతుంది, పడితే పోగేస్తుంది. మీ భయం వేరు, ఈ అలవాటు వేరు. మీ భయం వదిలిస్తుందని పెట్టిన బాట్ ఈ రెండో అలవాటుని రోజుకి 24 గంటలూ విసుగు లేకుండా చేసిపెడుతోంది! ధర ఒకే చోట ఊగే మార్కెట్‌లో ఆ పని లాభం ఇస్తుంది, కాదనను. ఒకవైపుకే నడిచే మార్కెట్‌లో మాత్రం మన బలహీనతకి కరెంటు ఇచ్చినట్టే.

ఇక మీ టెన్షన్ సంగతి. ఇంతకుముందు మీ భయం "కొను, అమ్ము" బటన్ల దగ్గర ఉండేది, ఇప్పుడు "స్టార్ట్, స్టాప్" దగ్గరికి, రేంజ్ మార్చే గడి దగ్గరికి చేరింది. ఆపిన మర్నాడే పెరగడం మీ దురదృష్టమేమీ కాదు, ఓపిక నశించే చోటు దాదాపు అందరికీ ఒకటే, బాగా పడ్డాక, ఇక భరించలేమన్నాక. అక్కడ ఆపింది మీరు, బాట్ కాదు. కాబట్టి ఇంకో బాట్ కొన్నా ఇదే జరుగుతుంది, డబ్బు దండగ.

ఒక పని చేయండి. మళ్లీ పెట్టేముందు, అంటే తల చల్లగా ఉన్నప్పుడే, ఏ ధర తగిలితే మొత్తం అమ్మేసి బయటికి రావాలో ఆ స్టాప్ లాస్ బాట్‌లోనే పెట్టేయండి. పైన చెప్పిన లెక్కలో 76 దగ్గర పెడితే 20 కాయిన్లకి 1,520 వస్తాయి, నష్టం 370, గ్రిడ్ లాభం పోను 316. ఈ అంకె చూసి "పోతే పోయింది" అని నిజంగా అనుకోగలిగితేనే మొదలుపెట్టండి, గుండె గుభేల్‌మంటే పెట్టుబడి సగానికి తగ్గించండి, ఇంకా గుభేల్‌మంటే ఇంకా తగ్గించండి. బాట్ నడుస్తుండగా రేంజ్ మార్చాలనిపిస్తే కారణం ఒక కాగితం మీద రాసి ఒక రోజు ఆగండి. మర్నాడు చదివితే ఆ కారణాల్లో సగం "కోపమొచ్చింది" అన్నదానికే వేరే మాటలని మీకే తెలిసిపోతుంది. స్టాప్ తగిలి బయటికి వచ్చాక వెంటనే మళ్లీ పెట్టకూడదని కూడా ముందే ఒక నియమం ఉండాలి, ఎన్నాళ్లు ఆగాలన్నది మీ ఇష్టం.

ప్రశ్న: మేడమ్, మా తమ్ముడు "ఏఐ బాట్" అని ఒకదాంట్లో డబ్బు పెట్టాడు. రోజుకి ఒక శాతం గ్యారంటీ అట. మొదట కొంచెం పెట్టి, లాభంతో సహా వెనక్కి తీసి చూశాడు, వచ్చింది. ఇప్పుడు ఉన్నదంతా పెడతానంటున్నాడు, మమ్మల్ని కూడా చేరమంటున్నాడు. వద్దంటే "అక్కా, నీకు టెక్నాలజీ తెలీదు" అంటాడు. ఏం చెప్పమంటారు?

జవాబు: టెక్నాలజీ తెలియక్కర్లేదమ్మా, హెచ్చవేత వస్తే చాలు. రోజుకి ఒక శాతం చక్రవడ్డీలా పెరిగితే ఏడాదికి డబ్బు దాదాపు 37 రెట్లు దాటుతుంది. రెండో ఏడాది చివరికి 1,400 రెట్లు. అంత చేయగల బాట్ ఎవరి దగ్గరైనా ఉంటే వాళ్లు మీ తమ్ముడి చుట్టూ తిరిగే అవసరం ఏముంది?

ఇది కొత్త నాటకం కూడా కాదు. బిట్‌కనెక్ట్ అని ఒకటి ఉండేది, తమ "ట్రేడింగ్ బాట్" నెలకి 40 శాతం దాకా తెస్తుందని ప్రచారం చేసింది. 2018 జనవరిలో కుప్పకూలింది. కొత్తగా చేరినవాళ్ల డబ్బే పాతవాళ్లకి లాభంగా ఇచ్చారని, మోసం విలువ దాదాపు 240 కోట్ల డాలర్లని అమెరికా ప్రాసిక్యూటర్లు చెప్పారు. దక్షిణాఫ్రికాలో మిర్రర్ ట్రేడింగ్ ఇంటర్నేషనల్‌దీ ఇదే పాట, బాట్ ట్రేడింగ్ చేస్తుందని చెప్పి 170 కోట్ల డాలర్లకి పైగా విలువైన బిట్‌కాయిన్ సేకరించింది. చివరికి అమెరికాలో ఫ్యూచర్స్ మార్కెట్లని నియంత్రించే సంస్థ సీఎఫ్‌టీసీ 2024 జనవరిలో, ఏఐ పేరుతో వచ్చే ట్రేడింగ్ బాట్లు డబ్బు ముద్రించే యంత్రాలు కావని ప్రజలకి ప్రత్యేకంగా హెచ్చరిక జారీ చేయాల్సి వచ్చింది.

మొదట పెట్టింది వెనక్కి వచ్చిందంటారా, అది ఎర. చిన్న మొత్తం ఇవ్వకపోతే పెద్ద మొత్తం ఎలా వస్తుంది వాళ్లకి?

మీ తమ్ముణ్ని ఒక్కటే అడగండి, డబ్బు ఎవరి ఖాతాలో ఉంది? మామూలు బాట్ అయితే డబ్బు మనం కాయిన్లు కొని అమ్మే ఎక్స్ఛేంజ్‌లోని మన ఖాతాలోనే ఉంటుంది, బాట్‌కి ఆర్డర్లు పెట్టే అనుమతి మాత్రమే ఇస్తాం. వాళ్ల వాలెట్‌కి పంపించమన్నారంటే, వాళ్ల యాప్‌లో కనిపించే అంకెలు వాళ్లు టైప్ చేసినవే అనుకోండి. వాదన పెట్టుకోకండి, వాదిస్తే పంతానికి పోతాడు. "సరేరా, ఉన్నదంతా ఈరోజే ఒకసారి వెనక్కి తీసి చూపించు, అప్పుడు మాట్లాడుకుందాం" అనండి. తీయబోతే ముందు పన్ను కట్టాలనో, అన్‌లాక్ ఫీజు కట్టాలనో అంటే ఇక ఒక్క పైసా కూడా పంపనివ్వకండి. వెంటనే సైబర్ పోలీసులకి ఫిర్యాదు చేయించండి. పోయిన డబ్బు తెప్పిస్తామంటూ తర్వాత ఇంకో బ్యాచ్ దిగుతుంది, వాళ్లూ ఆ తానులో ముక్కలే.

ప్రశ్న: బాట్‌కి ఏపీఐ కీ (మన ఎక్స్ఛేంజ్ ఖాతాలోకి బాట్‌ని రానిచ్చే తాళంచెవి లాంటి కోడ్) ఇవ్వాలంటే భయంగా ఉంది. విత్‌డ్రా అనుమతి ఇవ్వకపోతే పూర్తిగా సేఫేనా?

జవాబు: విత్‌డ్రా అనుమతి ఎప్పుడూ ఇవ్వకూడదు, అది సరే. పూర్తిగా సేఫా అంటే కాదు. 2022 డిసెంబరులో 3కామాస్ అనే బాట్ సర్వీసు నుంచి వినియోగదారుల ఏపీఐ కీలు బయటికి పొక్కాయి, కంపెనీ కూడా చివరికి ఒప్పుకుంది. ట్రేడింగ్ అనుమతి ఒక్కటే ఉన్నా దొంగ ఏం చేస్తాడంటే, పెద్దగా లావాదేవీలు లేని ఏదో ఒక కాయిన్‌ని తను ముందే కొని పెట్టుకుంటాడు, మీ ఖాతాతో దాన్ని అడ్డగోలు ధరకి కొనిపిస్తాడు, అమ్మేది తనే. మీ డబ్బు ఖాతా దాటి పోలేదు, కానీ మీకు మిగిలింది ఎందుకూ పనికిరాని కాయిన్.

కాబట్టి కీ తయారుచేసేటప్పుడే ఫలానా ఐపీ అడ్రస్ నుంచి వస్తేనే పనిచేసేలా కట్టడి పెట్టండి. ఏయే కాయిన్ల జంటల్లో ట్రేడ్ చేయొచ్చో పరిమితం చేసే వీలు మీ ఎక్స్ఛేంజ్‌లో ఉంటే అదీ వాడండి. బాట్ కోసం సబ్ అకౌంట్ తెరిచి దానికి సరిపడా డబ్బే అందులో ఉంచండి. వాడడం మానేసిన సర్వీసుల కీలు ఇంకా బతికే ఉంటాయి, ఇది చదవడం ఆపి ముందు వాటిని డిలీట్ చేసి రండి.

ప్రశ్న: నేను ఇంజినీరింగ్ విద్యార్థిని. పైథాన్‌లో సొంతంగా బాట్ రాశాను. బ్యాక్‌టెస్ట్‌లో, అంటే పాత ధరల మీద నడిపి చూస్తే, ఏడాదికి 300 శాతం చూపిస్తోంది. లోన్ తీసుకుని పెడదామనుకుంటున్నా. సలహా ఇవ్వగలరు.

జవాబు: లోన్ వద్దు. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది ప్రశాంతంగా మాట్లాడుకోవచ్చు.

300 శాతం చూడగానే సంతోషం కంటే ముందు అనుమానం రావాలి బాబూ. సాధారణంగా దొరికే దొంగ ఎక్కడుంటాడంటే, క్యాండిల్ (చార్టులో ఒక గంటో, ఒక రోజో ధర కదలికని చూపే గీత) ముగిశాక తెలిసే ధరని చూసి అదే క్యాండిల్ మొదట్లో కొన్నట్టు కోడ్ రాసుంటారు. అంటే రేపటి పేపర్ చదివి ఇవాళ పందెం కాయడం. ఒకసారి ప్రతి "కొను, అమ్ము" సిగ్నల్‌నీ ఒక క్యాండిల్ ఆలస్యంగా అమలయ్యేలా జరిపి నడిపి చూడండి, 300 కాస్తా ఎంతకి దిగుతుందో. ఫీజు వేశారా? మీరు అనుకున్న ధరకీ నిజంగా దొరికే ధరకీ తేడా, స్లిప్పేజ్, అది వేశారా? ఇంకోటి, సెట్టింగులు ఎన్ని వందల రకాలుగా మార్చి మార్చి చూసి ఈ 300 పట్టుకున్నారు? అన్నిసార్లు మారిస్తే ఏదో ఒకటి పాత డేటాకి అతికినట్టు సరిపోతుంది, కొత్త డేటాకి సరిపోవాలని లేదు. డేటాలో చివరి ఏడాదిని అసలు ముట్టుకోకుండా దాచిపెట్టి, అంతా అయ్యాక ఒకే ఒక్కసారి దాని మీద నడపండి. 2021 నవంబరులో 69 వేల డాలర్ల దగ్గరికి వెళ్లిన బిట్‌కాయిన్ ఏడాది తిరిగేసరికి 16 వేల చుట్టూ ఉంది, ఆ ఏడాదిని తట్టుకుందా లేదా అన్నది కూడా చూడాలి.

లెక్క సరైనదే అయినా కోడ్ తప్పయితే ఏమవుతుందో తెలుసా? 2012 ఆగస్టు 1న నైట్ క్యాపిటల్ అనే అమెరికా సంస్థ సాఫ్ట్‌వేర్ పొరపాటు వల్ల దాదాపు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లు పోగొట్టుకుంది. అది షేర్ మార్కెట్ అనుకోండి. క్రిప్టోలో 2021 అక్టోబరు 21న బైనాన్స్ యూఎస్ అనే ఎక్స్ఛేంజ్‌లో బిట్‌కాయిన్ 65 వేల పైనుంచి ఒక్కసారిగా 8,200కి పడి మళ్లీ లేచింది, ఒక పెద్ద ట్రేడర్ అల్గారిథమ్‌లో బగ్ వల్ల అని ఎక్స్ఛేంజ్ చెప్పింది. జీతాలిచ్చి ఇంజినీర్లని పెట్టుకున్నవాళ్ల గతే అది.

మీ కోడ్‌లో ఒక చోటు చూడండి. ఆర్డర్ పంపారు, జవాబు రాకుండా టైమ్ అవుట్ అయింది, అప్పుడు బాట్ ఏం చేస్తుంది? "ఫెయిల్ అయింది, మళ్లీ పంపుదాం" అని రాసుంటే, మొదటి ఆర్డర్ నిజానికి ఎక్స్ఛేంజ్‌కి చేరి ఉంటే, మీరు రెండింతలు కొన్నట్టు. ప్రతి ఆర్డర్‌కీ మీ సొంత ఐడీ ఇచ్చి, మళ్లీ పంపేముందు అది ఉందో లేదో అడిగి తెలుసుకోవాలి. రోజు నష్టం ఇంత దాటితే అన్నీ ఆపేసే స్విచ్ కూడా ఉండాలి, అది ట్రేడింగ్ లాజిక్‌తో సంబంధం లేకుండా విడిగా నడవాలి. ఫ్రీక్‌ట్రేడ్, హమ్మింగ్‌బాట్ లాంటివి ఓపెన్ సోర్స్ బాట్లు, వాటి కోడ్ చదివితే ఇలాంటివి ఎలా చేశారో తెలుస్తుంది. ఫ్రీక్‌ట్రేడ్‌లో ఉత్తుత్తి డబ్బుతో నడిపే డ్రై రన్ కూడా ఉంది, కొన్ని నెలలు అందులో నడపండి. ఈలోగా డిగ్రీ పూర్తి చేయండి, ఈ కోడ్ చూపించి ఉద్యోగం తెచ్చుకునే అవకాశం లాభాల కంటే నాకు ఎక్కువగా కనిపిస్తోంది.

ప్రశ్న: నా బాట్ ఓ మాదిరిగా లాభాల్లోనే ఉంది. వచ్చిన లాభాన్ని అందులోనే తిప్పాలా, బయటికి తీయాలా?

జవాబు: కొంతైనా తీయండి. లాభమంతా మళ్లీ బాట్‌కే మేపుతూ పోతే, చెడ్డ నెల వచ్చేసరికి అన్నిటికంటే పెద్ద మొత్తం అందులో ఉంటుంది, దెబ్బా అంత పెద్దదే. సగం పోతే మళ్లీ మొదటికి రావడానికి 100 శాతం లాభం కావాలి, ఇది గుర్తు పెట్టుకోండి. నెలలో ఒక తేదీ అనుకుని, ఆ రోజు మార్కెట్ ఎలా ఉన్నా, లాభంలో ఇంత శాతం అని తీసేయండి. "ఇంకొంచెం పెరిగాక తీద్దాం" అనిపించే రోజే తప్పకుండా తీయాల్సిన రోజు.

తీసింది ఎక్కడ పెడతారన్నదీ ముఖ్యమే. స్టేబుల్ కాయిన్‌లో (డాలర్‌తో సమానంగా ఉంటుందని చెప్పే కాయిన్‌లో) పెట్టి ఎక్స్ఛేంజ్‌లోనే ఉంచితే తీసినట్టు కాదు. డాలర్‌కి కట్టేసి ఉంటుందన్న టెర్రా వాళ్ల యూఎస్‌టీ 2022 మేలో కొద్ది రోజుల్లోనే కుప్పకూలింది, అదే ఏడాది నవంబరు 11న ఎఫ్‌టీఎక్స్ అనే ఎక్స్ఛేంజ్ దివాలా పిటిషన్ వేసింది, అందులో డబ్బున్నవాళ్లు తీసుకుందామన్నా తీసుకోలేకపోయారు. బ్యాంకు ఖాతాలో పడ్డదే మీ సంపాదన. పన్ను లెక్కలు కూడా మరిచిపోకండి, చాలా దేశాల్లో ప్రతి అమ్మకమూ లెక్కలోకి వస్తుంది, బాట్ రోజుకి ఎన్నిసార్లు అమ్ముతుందో మీకు తెలుసు. నెలనెలా ట్రేడ్ హిస్టరీ డౌన్‌లోడ్ చేసి దాచండి, ఏడాది చివర ఆడిటర్ ముందు కూర్చుని జుట్టు పీక్కోవద్దు.

ప్రశ్న: బాట్ పెట్టింది ప్రశాంతత కోసం. ఇప్పుడు అర్ధరాత్రి కూడా లేచి ఫోన్ చూస్తున్నాను. మా ఆయనకి తెలియకుండా ఇంకొంచెం డబ్బు కూడా వేశాను.

జవాబు: మీ ప్రశ్నలో రెండు సంగతులున్నాయి. ఫోన్ సంగతి తేలిక. ప్రతి ట్రేడ్‌కీ వచ్చే నోటిఫికేషన్లు ఆపేయండి, బాట్ ఆగిపోయినా, రోజు నష్టం హద్దు దాటినా మాత్రమే మోగేలా పెట్టండి. యాప్ ఫోన్‌లోంచి తీసేసి వారానికి ఒకసారి కంప్యూటర్‌లో చూడండి. అమెరికాలో బ్రాడ్ బార్బర్, టెరెన్స్ ఓడియన్ 66 వేలకి పైగా కుటుంబాల షేర్ ఖాతాలు పరిశీలించి 2000లో రాసిన పత్రం ఒకటుంది. 1991 నుంచి 1996 వరకు మార్కెట్ ఏడాదికి 17.9 శాతం ఇస్తే, ఎక్కువగా కొని అమ్మినవాళ్లకి దక్కింది 11.4 శాతమే. ఊరికే చూస్తూ కూర్చుంటే చెయ్యి ఊరుకోదు, చెయ్యి పెడితే ఇలా తగ్గుతుంది.

రెండోది మీ ఆయనకి చెప్పకుండా డబ్బు వేయడం. అది పోయినదాన్ని రాబట్టడానికి వేసిందైతే, ఇది ట్రేడింగ్ దాటి జూదంలా మారుతున్న లక్షణం. బాట్ ఇప్పుడే ఆపండి, నష్టమైనా సరే. ఎంత వేశారో ఆయనకి ఈ వారంలోనే చెప్పేయండి, ఆలస్యమయ్యేకొద్దీ అంకె పెరుగుతుంది, చెప్పడం ఇంకా కష్టమవుతుంది. ఆపలేకపోతున్నాననిపిస్తే మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి, జూదం వ్యసనానికి చికిత్స ఉంది, ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ప్రశ్న: ఫ్యూచర్స్‌లో 20 రెట్ల లీవరేజ్‌తో బాట్ నడపొచ్చా? స్టాప్ లాస్ పెడతాను.

జవాబు: 20 రెట్ల లీవరేజ్ అంటే మీ డబ్బుకి 20 రెట్ల విలువైన పందెం, ధర 5 శాతం ఎదురు తిరిగేలోపే మీ మార్జిన్, అంటే హామీగా పెట్టిన డబ్బు, అయిపోతుంది, క్రిప్టోలో 5 శాతం అంటే ఒక మామూలు మధ్యాహ్నం. స్టాప్ లాస్ అనుకున్న ధరకే తెగుతుందన్న గ్యారంటీ కూడా లేదు, ధర ఒక్కసారిగా జారినప్పుడు కొనేవాళ్లు దొరికిన చోటే తెగుతుంది. 2025 అక్టోబరు 10, 11 తేదీల్లో దాదాపు 1,900 కోట్ల డాలర్ల పొజిషన్లు లిక్విడేట్ అయ్యాయి, అంటే మార్జిన్ చాలక బలవంతంగా మూతపడ్డాయి, వాటిలో స్టాప్ లాస్ పెట్టుకున్నవాళ్లూ ఉండే ఉంటారు. నడపొద్దు. స్పాట్‌లోనే, అంటే సొంత డబ్బుతో నేరుగా కాయిన్ కొనే చోటే చేసుకోండి.